చాలుగారింటి కంప్యూటరు

ఆ ఇంట్లో అందరికన్నా ముందు లేచేది కుట్టుమిషన్. ఆరు కొట్టకముందే హాల్లో దాని టకటక మొదలవుతుంది. తర్వాత వంటింట్లో టీ గిన్నె. ఆ తర్వాత వీధివైపు కొట్టు షట్టరు. ఎనిమిది నెలలుగా ఈ వరసేమీ మారలేదు. మధ్యలో మనుషుల మాటలుండేవి, అవే లేవు.

కొట్టు ఇంటాయనది. కంప్యూటర్లు బిగించి అమ్ముతాడు, పాడైతే బాగుచేస్తాడు. ఇరవై ఏళ్లుగా అదే పని. ఏ ప్రాసెసర్ కొనమంటారని ఎవరడిగినా, ఆయన ఎదురడిగే ప్రశ్న ఒక్కటే: "దాంతో ఏం చేస్తారు?" ఉత్తరాలు రాసుకుంటాం, పాటలు వింటాం, పిల్లల పాఠాలు, ఎవరైనా ఫోటోలు పంపితే చూసుకుంటాం అనేవాళ్లు వాళ్లు. "దానికి ఈ చిన్నది చాలు. మిగిలినదాంతో కాస్త మెమరీ ఎక్కువ వేయించుకోండి, మంచి కుర్చీ కొనుక్కోండి. నడుమైనా బాగుంటుంది" అనేవాడు. ఖరీదైనది అంటగడితే నాలుగు రాళ్లు మిగులుతాయని ఆయనకి తెలియక కాదు. అలా అని అని చివరికి ఆయన పేరే చాలుగారు అయి కూర్చుంది. ఇంట్లో భార్య కూడా వదిలిపెట్టేది కాదు. "చాలుగారూ, ఇంకో ముద్ద వడ్డించనా, చాలా?" అని ఆటపట్టించేది.

ఆ చాలుగారి నోటినుంచి ఆ మాట వచ్చి ఎనిమిది నెలలైంది.

జరిగింది పెద్ద కథేమీ కాదు, కానీ ముగ్గురు మనుషులున్న ఇల్లు మూగబోవడానికి అది సరిపోయింది. కూతురికి పటాలు గీసే చదువంటే ప్రాణం. కొండలెక్కడ, వాగులెక్కడ, దారి ఎటు తిరుగుతుంది, ఇవన్నీ కొలిచి కాగితమ్మీద పెట్టే చదువు. ఆ కాలేజీలో సీట్లు పట్టుమని ముప్పై కూడా లేవు. ప్రవేశ పరీక్ష ఇంటినుంచే కంప్యూటర్లో రాయాలి. కెమెరా కనిపెట్టుకుని ఉంటుంది, గదిలో మరో మనిషి ఉండకూడదు. స్నేహితురాళ్లంతా పెద్ద పెద్ద ప్రాసెసర్లున్నవి కొనిపించుకున్నారు. ఆ పిల్ల తండ్రిని అడిగింది, "నాన్నా, మనింట్లో ఉన్నది చాలా?" అని. ఆయన తలెత్తకుండానే అన్నాడు, "బ్రహ్మాండంగా చాలు."

పరీక్ష మొదలైన యాభై నిమిషాలకి కంప్యూటరు నత్తనడక పట్టింది. ఇంకో రెండు నిమిషాలకి ఆరిపోయింది. మళ్లీ వేస్తే పది నిమిషాలు నడిచి మళ్లీ ఆరింది. మధ్యలో ఆగిపోతే ఒక్కసారికి మించి మళ్లీ లోపలికి రానివ్వరట, తలుపు మూసేశారు. అంతే, సీటు పోయింది. ఆ పిల్ల గదిలోంచి బయటికొచ్చి, ఏడవకుండా, తండ్రి ముఖంలోకి చూసి, "నీ చాలు వల్లే పోయింది నాన్నా" అంది.

ఇప్పుడామె పళ్ల డాక్టరు దగ్గర చీటీలు రాస్తోంది. తండ్రితో అవసరానికి మించి ఒక్క ముక్క మాట్లాడదు. ఆయనకి కోపమూ రాలేదు, ఏడుపూ రాలేదు. పన్ను పీకేముందు సూది వేస్తే చెంప ఎలా మొద్దుబారుతుందో, మనిషి మొత్తం అలా అయిపోయాడు. తింటాడు, కొట్టు తీస్తాడు, స్క్రూలు బిగిస్తాడు, కొట్టు మూస్తాడు. ఊళ్లోవాళ్ల కంప్యూటర్లన్నీ విప్పే మనిషి, ఇంట్లో ఆరిపోయినదాన్ని మాత్రం ముట్టుకోలేదు. ఎందుకాగిందో చూడాలని కూడా అనిపించలేదు. ప్రాసెసర్ చాలలేదు, తన మాట తప్పయింది, ఇంక చూసేదేముంది? అది ఆ గదిలో బల్ల కిందే ఉంది, భార్య కుట్టిన మెత్తటి పూల తొడుగు కప్పుకుని.

ఆ మంగళవారం పొద్దున కొట్టుకి రిటైరైన బస్సు కండక్టరు ఒకాయన వచ్చాడు. కండక్టరు నోరు కదా, కూర్చోకముందే మొదలెట్టాడు.

"నాకు సూపర్ ఫాస్టులూ అవీ వద్దండీ. ఊరూరా ఆగి ఎక్కించుకునే బండి చాలు. నేను తిరిగిన రూట్ల గురించి రాసుకుందామని. రోజుకో పేజీ. దానికి ఏ ప్రాసెసర్ కావాలి?"

ఇంటాయన గుడ్డతో కీబోర్డు తుడుస్తూ ఉండిపోయాడు.

"మిమ్మల్నేనండీ. చిన్నది చాలా?"

"మీ ఇష్టం. ఏది కావాలంటే అది తీసుకోండి."

కండక్టరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "నా ఇష్టానికి కొనుక్కోడానికైతే మూడు కొట్లు దాటుకుని ఇక్కడిదాకా ఎందుకొస్తాను? చాలుగారు చెప్తారు, వినొచ్చు అన్నారు. తీరా వస్తే తమరు టిక్కెట్టు చింపనంటున్నారు." రేపొస్తానంటూ లేచాడు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర భార్య కదిపింది. అప్పటికే రెండు మూడు రోజులుగా నోటిదాకా వచ్చిన మాటని వెనక్కి మింగుతోంది.

"ఈసారి పరీక్ష ఆదివారమే. ఏమే చిట్టీ, రాస్తున్నావా లేదా?"

"దరఖాస్తు పెట్టింది నువ్వు. నువ్వే రాసుకో."

"నాకే వస్తే నిన్నెందుకడుగుతాను? జాకెట్టుకి చంక ఎంత తీయాలో అడగమను, చెప్తాను. నువ్వు రాయవే. ఈ ఏడు కూడా పోతే వయసు దాటిపోతుందట."

"దేని మీద రాయాలమ్మా? మళ్లీ ఆ బల్ల కింద దాని మీదా?"

ఆయన తల వంచుకుని తింటున్నాడు. అదే ఆ పిల్లకి మండింది.

"ఒక్కసారి కూడా నోరు విప్పడు చూడు. ఊళ్లో అందరికీ చెప్పినట్టే నాకూ చెప్పాడు, చాలు అని. నేనేమైనా పాటలు వినడానికి అడిగానా? నా చదువు కోసం అడిగాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఎనిమిది నెలలైంది. సారీ చిట్టీ, నేను తప్పు చెప్పాను అని ఒక్క మాట. ఒక్క మాట అన్నాడా?"

"తండ్రిని పట్టుకుని అలా అనకే."

"అంటాను. ఆ కంప్యూటరు కనీసం ముందునుంచీ మొరాయించినా తెలిసేది. రోజూ రొద పెట్టి చంపేది, ఆ రోజు మాత్రం చప్పుడైనా చెయ్యకుండా చచ్చింది. ఏం కావాలని దాన్ని ఇంకా ఇంట్లో ఉంచారు? పొద్దున కొట్టుకొచ్చాడే, ఆ కండక్టరుకి ఇచ్చెయ్యమను. ఆయనకి చాలుతుంది." కంచం ముందునుంచి లేచిపోయింది.

భార్య ఎంగిలి చేతితోనే కూర్చుండిపోయింది. "మీరైనా ఏదో ఒకటి అనొచ్చు కదండీ" అంది చివరికి. ఆయన చేయి కడుక్కున్నాడు. కూతురు ఇచ్చెయ్యమంది కాబట్టి, బల్ల కిందినుంచి ఆ పెట్టెని తొడుగుతో సహా ఎత్తుకుని కొట్టులోకి తీసుకెళ్లాడు. అంతకుమించి ఆలోచనేదీ ఆయన బుర్రలో లేదు.

తొడుగు తీసి పక్కన పెట్టి, తీగలు తగిలించి మీట నొక్కాడు. అది మామూలుగానే లేచింది. గుర్రుమని ఫ్యాను రొద. ఈ ఫ్యాను మొదటినుంచీ అంతే, గట్టిది, నోరు పెద్దది. కండక్టరుకి ఇచ్చేముందు ఒకసారి పరీక్షించాలి కనుక, చేతి అలవాటు కొద్దీ ఒకటి తర్వాత ఒకటి తెరిచాడు. కెమెరా, పటాలు, నమూనా పరీక్ష, ఇరవై పేజీలు. గంటైంది. రెండు గంటలైంది. అది మందకొడిగా కూడా నడవలేదు.

చప్పుడైనా చెయ్యకుండా చచ్చింది.

కూతురి మాట అప్పుడు గుర్తొచ్చింది. ఈ ఫ్యాను చప్పుడు చేయకుండా ఉండటమేమిటి? ఆయన ఎనిమిది నెలల్లో మొదటిసారి, మెకానిక్కు చూడవలసినది చూశాడు. ప్రతి కంప్యూటరూ లోపల ఒక చిట్టా రాసుకుంటుంది, ఎప్పుడు లేచిందీ, ఎందుకు పడిందీ. ఆ రోజు తేదీ వెతికాడు. పదీ యాభై రెండు: వేడి హద్దు దాటింది, ఆగిపోయాను. పదకొండూ ఆరు: మళ్లీ అదే. చాలకపోవడం గురించి అందులో ఎక్కడా లేదు.

వేడెక్కడానికి కారణమేమిటి? మూత విప్పాడు. దుమ్ము లేదు. ఫ్యాను రెక్కలు నిక్షేపంగా ఉన్నాయి. వేడి లాగడానికి ప్రాసెసర్ మీద రాసిన పేస్టు ఎండలేదు. చేతులు తుడుచుకుందామని పక్కకి చూస్తే పూల తొడుగు కనిపించింది. లోపలివైపు తిప్పి చూశాడు. రెండు బట్టల మధ్య మందంగా స్పాంజి పెట్టి, చలికాలపు కోటులాగా, ఎక్కడా గాలి చొరకుండా కుట్టిన తొడుగు. వెనకవైపు, సరిగ్గా వేడిగాలి బయటికొచ్చే చోట, అరచేయంత మేర బట్ట ముడుచుకుపోయి పసుపుపచ్చగా ఉంది. ఆరిపోయిన కంప్యూటరు మీద కప్పి ఉంచిన తొడుగుకి ఆ మచ్చ ఎలా వస్తుంది?

ఆ పరీక్షకి రెండు రోజుల ముందు సంగతి ఆయనకి గుర్తొచ్చింది. "అమ్మా, దీని రొద వింటే నా బుర్ర పనిచేయడం లేదు" అని కూతురు విసుక్కోవడం, "నేనేదో చేస్తాలేవే" అని భార్య అనడం, ఆ సాయంత్రం బయటివాళ్ల కుట్టుపనంతా పక్కన పెట్టి ఏదో మందపాటిది మిషన్ కింద తోస్తూ కూర్చోవడం. పరీక్ష రోజు పొద్దున మంచినీళ్ల సీసా పెట్టడానికి గదిలోకి వెళ్లిన ఆఖరి మనిషి ఆవిడే.

నమ్మకం కుదరక తొడుగు తొడిగి మళ్లీ నడిపించాడు. రొద ఒక్కసారిగా తగ్గింది, బావిలోంచి వస్తున్నట్టు. గడియారం ముందు పెట్టుకుని కూర్చున్నాడు. నలభై ఎనిమిదో నిమిషానికి తెర మీది బాణం గుర్తు ఈడ్చుకుంటూ నడిచింది. యాభై ఒకటో నిమిషానికి తెర నల్లబడింది.

ఆయన తన మాట తప్పు కాదని తెలిసి ముందు సంతోషించాడు. నిజం దాచడమెందుకు, సంతోషించాడు. మొద్దుబారిన మనిషిలో ఎక్కడో చురుక్కుమంది. ఇప్పుడే లోపలికెళ్లి, ఇదిగో చూడు, నా ప్రాసెసర్ కాదు, అని చెప్పాలనిపించింది. రెండడుగులు వేశాడు కూడా. లోపలినుంచి కుట్టుమిషన్ చప్పుడు వినిపించింది. కూతురి చదువు పోయిందని ఈ ఎనిమిది నెలలూ అందరికన్నా ఎక్కువ ఏడ్చింది ఆ మిషన్ ముందు కూర్చున్న మనిషే. ఆవిడకి ఈ సంగతి చెప్పి ఏం చేయాలి? తన మీదున్న బండని దించి ఆవిడ నెత్తిన పెట్టాలా? ఆయన వెనక్కి వచ్చి తొడుగుని మడతపెట్టి, అరలో ఖాళీ అట్టపెట్టెల వెనక్కి తోసేశాడు.

భార్య టీ తెచ్చేసరికి ఆయన ప్రింటరు కోసం వచ్చిన వాళ్లతో మాట్లాడుతున్నాడు.

"దీని తొడుగేదండీ?"

"ఎక్కడో ఉంటుందిలే."

అంతే అన్నాడు. అన్నవాడు ఆవిడ కళ్లలోకి చూడలేదు. ఇరవై ఏళ్లు కాపురం చేసిన దానికి ఆ మాత్రం తెలియదా? ఆవిడ టీ గ్లాసు బల్ల మీద పెట్టింది. ఆయన ప్రింటరు తీగ వెతకడానికి అటు తిరిగాడు. మళ్లీ ఇటు తిరిగేసరికి ఆవిడ లేదు.

సాయంత్రం కూతురు పనినుంచి రాగానే ఆయన ఆమె గది గుమ్మంలో నిలబడ్డాడు. ఎనిమిది నెలల్లో ఆ గుమ్మం దాకా రావడం అదే మొదలు.

"చిట్టీ."

ఆమె తల తిప్పింది.

"ఆ ప్రాసెసర్ నీ పరీక్షకి చాలలేదు. నేను తప్పు చెప్పాను. రేపు పెద్దది వేస్తాను. ఆదివారం దాని మీద రాయి తల్లీ."

ఆ పిల్ల ఈ మాట కోసమే ఇన్నాళ్లూ కాచుకుని ఉంది. వస్తే ఏమనాలో కూడా అనుకుని పెట్టుకుంది. తీరా వచ్చాక ఏదీ అనబుద్ధి కాలేదు. ఎదురుగా ఉన్న మనిషి కుంగిపోయి కాక, ఎందుకో నిటారుగా నిలబడి చెబుతున్నాడు.

"ఇదే మాట అప్పుడే అని ఉంటే..." అని ఆగిపోయింది. "సరే నాన్నా" అంది.

వంటింట్లో గరిట చప్పుడు ఆగింది. కాసేపటికి మళ్లీ మొదలైంది.

మర్నాడు పొద్దున కుట్టుమిషన్ మోగలేదు. ఆరు దాటింది, ఆరున్నర దాటింది. ఆ నిశ్శబ్దానికే ఇద్దరికీ మెలకువ వచ్చింది. హాల్లోకి వచ్చి చూస్తే ఆవిడ మిషన్ ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. ఒళ్లో పూల తొడుగు. పక్కన పెద్ద కత్తెర. టీ పెట్టలేదు.

"చింపేద్దామని తీశాను. చేతులు రావడం లేదు" అంది ఆవిడ.

"దాన్నెందుకు తీశావోయ్? అక్కడ పెట్టెయ్" అన్నాడాయన.

"మీరు అట్టపెట్టెల వెనక దాచేదాకా నాకు తట్టలేదండీ. దాచారు కాబట్టే వెతికి తీసి, తిప్పి చూశాను. బట్టకి వేడి తగిలిన మచ్చ ఏదో, మాసిన మచ్చ ఏదో కుట్టుకుని బతికేదానికి తెలియదా? ఎన్ని బట్టలు ఇస్త్రీ పెట్టె కింద మాడ్చుకుని నేర్చుకున్నాను." ఆవిడ గొంతు ఎత్తలేదు. ఏదో కొలతలు చదువుతున్నట్టు చెప్పింది. "చిట్టీ, మీ నాన్న నీతో నిన్న అబద్ధం చెప్పారు. ప్రాసెసర్ కాదు. నేనే. దాని రొద నీకు వినపడకూడదని నీళ్లసీసా పెట్టడానికొచ్చి ఇది తొడిగాను. దానికి ఊపిరాడక ఆగిపోయింది. నీ సీటు పోగొట్టింది నేనే."

కూతురు గోడకి ఆనుకుంది. ఆ రోజు పరీక్ష మొదట్లో, బల్ల కింద చప్పుడు తగ్గిందని గమనించడం, హమ్మయ్య అనుకోవడం ఆమెకి స్పష్టంగా గుర్తుంది. ఆరినప్పుడు కూడా కంగారులో చేయి చాచి మీట నొక్కిందే కానీ, వంగి చూడాలని తోచలేదు. చూసుంటే తెలిసేది. పూలపూల గుడ్డ, అమ్మ కుట్టు.

"నీకు నిన్ననే తెలుసా నాన్నా?"

ఆయన తలూపాడు.

"తెలిసి నాకెందుకలా చెప్పావు?"

"నన్ను తిట్టడం నీకు అలవాటైపోయింది. నాకూ అలవాటైపోయింది. ఇప్పుడు కొత్తగా అమ్మనెందుకు?" ఆయన తొడుగు వైపు చూశాడు. "తను నీకోసం కుట్టిందమ్మా. ఆ రెండు రోజులూ వేరే పని ముట్టుకోలేదు."

ఆ పిల్ల వెళ్లి తల్లి పక్కన నేల మీద కూర్చుని, ఆ తొడుగులోనే ముఖం పెట్టుకుంది. సీటు పోయిన రోజు ఏడవని పిల్ల, అప్పుడు ఏడ్చింది. "నేను నాన్నని ఎన్ని మాటలన్నానమ్మా" అని ఒకటే మాట, మళ్లీ మళ్లీ. తల్లి ఆమె తల నిమురుతూ, తన కళ్లు తుడుచుకోవడం మర్చిపోయి కూర్చుంది. ఆయన ఆ ఇద్దరినీ చూస్తూ నిలబడ్డాడు. ఏదో ఒకటి చేయాలి కనుక వంటింట్లోకి వెళ్లి టీ పెట్టాడు. పాలు పొంగించేశాడు.

టీ తాగాక ముగ్గురూ కలిసి పెట్టెని కొట్టులోంచి తెచ్చి బల్ల కింద పెట్టారు. భార్య తొడుగు చేత్తో పట్టుకుని, ఎక్కడ పడేయాలా అని చూస్తోంది.

"పడేయకమ్మా. నాలుగు మడతలు వేసి నా కుర్చీకి కుట్టెయ్యి. మంచి కుర్చీ ఉండాలని నాన్న చెప్తూనే ఉంటాడు కదా" అంది కూతురు.

"మచ్చ కనపడుతుందే."

"నేను దాని మీదే కూర్చుంటాను. ఎవరికి కనపడుతుంది?"

ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కొలత చూద్దామని టేపు తీసుకుని కుర్చీ దగ్గరికి వంగింది.

ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని పెట్టె ముందు చతికిలబడ్డాడు. "కండక్టరుకి వేరేది బిగిస్తాలే. దీంట్లో పెద్ద ప్రాసెసర్ ఈ పూటే వేసేస్తాను. ఆదివారానికి ఇబ్బంది ఉండదు" అన్నాడు.

కూతురు ఆయన పక్కనే కూర్చుని చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసుకుంది.

"నాన్నా, నా ముఖంలోకి చూసి చెప్పు. నా పరీక్షకి ఇది చాలా?"

కొట్టుకొచ్చిన వాళ్లు ఎనిమిది నెలలుగా ఆయన్ని ఆ మాటే అడుగుతున్నారు. ఆయన కూతురి ముఖంలోకి చూశాడు. చెంప మీద మత్తు దిగుతున్నప్పుడు ముందు నొప్పే తెలుస్తుంది. ఆయనకి ఆ నొప్పంతా తెలిసింది, కళ్లవెంట నీళ్లు కారాయి.

"చాలు తల్లీ" అన్నాడు.

ఆ పిల్ల చేయి చాచి మీట నొక్కింది. ఫ్యాను గుర్రుమని నోరెత్తింది. ముగ్గురూ అక్కడే ఉన్నారు. దాన్నలాగే మోగనిచ్చారు.